అడ్డపొగయు, జన్యు చికిత్సయు

గత వేసవి సెలవులకు ముందు, తొమ్మిదవ తరగతి విద్యార్థిని తండ్రి యొకరు పాఠశాలకు వచ్చి, తన చేతిఫోనులో ఒక వార్తను మాకు చూపిరి. చీనా దేశమున ఒక సూదిమందు కలదనియు, అది క్యాన్సరు కణములో చెడిపోయిన జన్యువును బాగుచేయుననియు, నాలుగు సూదులతో కంతి కరగిపోవుననియు అందులో వ్రాసి యుండెను. "మాస్టారూ, ఇది నిజమేనా? నిజమైతే చెప్పండి, చెరువు పక్క చెక్క అమ్మేస్తాను. మా అమ్మకి అంగిట్లో పుండు లేచింది" అని ఆయన అడిగెను.

మేము తెలుగు చెప్పువారమే గాని వైద్యులము కాము. ఐనను "మాకు తెలియదు" అని ఆయనను పంపివేయుటకు మనసొప్పలేదు. రెండు దినములు గడువడిగి, మా విజ్ఞానశాస్త్ర ఉపాధ్యాయుల సాయముతో చదువగలిగినంత చదివితిమి. ఆయనకు చెప్పిన సమాధానమునే కొంత విస్తరించి ఈ సంచికలో నలుగురి యెదుట ఉంచుచున్నాము. మా అభిప్రాయమును ముందుగనే చెప్పివేసెదము. ఆ వార్త పూర్తిగా అబద్ధము కాదు. కాని దానిని నమ్మి పొలము అమ్ముట తప్పు. ఈ రెండు మాటలును ఒక్కసారే ఎట్లు నిజమగునో తెలియవలెనన్న కొంత శాస్త్రము తెలియవలయును. ఆ శాస్త్రమును మన తెలుగులో చెప్పుకొనవచ్చును.

మన శరీరము జీవకణములతో కట్టబడినది. ఎర్ర రక్తకణముల వంటివి కొన్ని తప్ప, ప్రతి కణములోను ఇరువదిమూడు జతల క్రోమోజోములు కలవు. ఏ మాంసకృత్తు ఎప్పుడు ఎంత తయారు కావలయునో తెలుపు ఆజ్ఞలు వానిపై వ్రాయబడి యున్నవి. ఆ ఆజ్ఞలే జన్యువులు. తండ్రి నుండి ఒకటి, తల్లి నుండి ఒకటి వచ్చుటచే ప్రతి జన్యువునకును సాధారణముగ రెండు ప్రతులుండును. నోటి లోపలి పొర వంటి చోట్ల పాతకణములు రాలిపోవుచు క్రొత్తవి పుట్టుచుండును. ఒక కణము రెండగునపుడెల్ల ఈ ఆజ్ఞలన్నియు తిరిగి వ్రాయబడవలయును. అంత వ్రాతలో తప్పులు దొర్లుట సహజము. కాబట్టి వ్రాతను సరిచూచువాడొకడు కావలెను. తప్పు దిద్దువరకు పనిని ఆపు అధికారము వానికి ఉండవలెను. దిద్ద వీలులేని ప్రతిని చించి పారవేయు అధికారము కూడ ఉండవలెను. అట్టి పని చేయు జన్యువులను కంతి నిరోధక జన్యువులందురు. వానిలో మిక్కిలి ముఖ్యమైనది పి-53.

1971లో ఆల్ఫ్రెడ్ నడ్సన్ అను అమెరికా వైద్యుడు, శిశువుల కంటిలో పుట్టు ఒక క్యాన్సరును గురించి 48 మంది రోగుల వివరములను లెక్కకట్టి, ఒక జన్యువు యొక్క రెండు ప్రతులును చెడినప్పుడే ఆ కంతి పుట్టుచున్నదని ఊహించెను. ఆ ఊహ తరువాత నిజమైనది. పి-53 కథ ఇంతకంటె విచిత్రము. దానిని 1979లో కనుగొనిరి. ఆ పిమ్మట పదేండ్లపాటు అది క్యాన్సరును పెంచు జన్యువని పండితులు భావించిరి. ఏలయన, వారు పరీక్షించిన ప్రతులు కంతుల నుండి వచ్చినవి. అనగా అప్పటికే చెడినవి. 1989లో బెర్ట్ వోగెల్‌స్టైన్ పరిశోధనశాలవారును మరికొందరును ఆ పొరపాటును దిద్దిరి. తాము దొంగ యనుకొన్నవాడు నిజమునకు కావలివాడనియు, వానిని ఎవరో కొట్టి పడవేసినందుననే దొంగతనము జరిగినదనియు అప్పుడు తెలిసినది. 1992లో డేవిడ్ లేన్ దీనికి జన్యుసంపద కాపరి అను బిరుదమిచ్చెను. పిల్లలారా, గొప్ప గొప్ప పండితులు పదేండ్లు పొరపడిరని చదివినప్పుడు మాకు కొంత ధైర్యము కలిగినదని చెప్పుటకు సిగ్గుపడము. దిద్దుకొనుట కూడ శాస్త్రములో భాగమే.

మనుష్యులకు వచ్చు క్యాన్సరులలో ఇంచుమించు సగమింటిలో పి-53 చెడియుండును. నోరు, గొంతుకలకు వచ్చు క్యాన్సరులలో సగము కంటె ఎక్కువ వానిలో చెడియుండును. ఇది ఎట్లు చెడును? కొన్ని అరుదైన కుటుంబములలో చెడిన ప్రతి పుట్టుకతోనే వచ్చును. కాని మిక్కిలి తరచుగా అది బ్రతుకు నడుమనే, ఆ ఒక్క చోటనే చెడును. ఈ సంగతి తెలియక మన పల్లెలలో జరుగుచున్న అన్యాయమును ఇచ్చట చెప్పక తప్పదు. నాయనమ్మకు నోటిలో క్యాన్సరు వచ్చినదని మనుమరాలి సంబంధము తప్పిపోయిన ఇంటిని మేమెరుగుదుము. చుట్టచే చెడిన అంగిలి కణము మనుమరాలి రక్తములోనికి రాదు. ఆమె తినిన కంచమున తినినను అంటదు. కంచము వేరు పెట్టినవారు ఆ ముసలిదానికి వ్యాధి కంటె ఎక్కువ బాధ పెట్టినవారగుదురు.

ఇప్పుడు చుట్ట మాటకు వచ్చితిమి కావున కొంచెము నిలిచి మాటాడెదము. శ్రీకాకుళము మొదలుకొని మన గంజాం సముద్రతీరము వరకు, ముఖ్యముగా స్త్రీలలో, అడ్డపొగ త్రాగు అలవాటు తరతరములుగా ఉన్నది. నిప్పు గల కొనను నోటిలోపల ఉంచుకొని చుట్ట త్రాగుటయే అడ్డపొగ. సముద్రపు గాలికి నిప్పు ఆరదు. నాటు వేయునప్పుడు, చేపలు ఎండబెట్టునప్పుడు చేతులు రెండును ఖాళీగా ఉండును. పొగ త్రాగుచున్నట్లు నలుగురికి తెలియదు. కాయకష్టము చేయు స్త్రీకి ఇంతకంటె వీలైన సుఖము మరియొకటి దొరకలేదేమో! వారిని పరిహసించుట మా ఉద్దేశము కాదు. కాని ఆ నిప్పు వేడి, ఆ పొగ నేరుగా అంగిటిపై పడును. ఇతర దేశములలో అంగిటి గట్టిభాగమునకు క్యాన్సరు వచ్చుట అరుదు. మన తీరమున అరుదు కాదు. నిప్పుకొనను నోటిలో పెట్టుకొని చుట్ట త్రాగుటచే కోస్తా ఆంధ్రలో అంగిటి క్యాన్సరు వచ్చుచున్నదని 1957లోనే వైద్యులు వ్రాసి ప్రకటించిరి. నాటి నుండి మూడు తరములు గడచినవి.

ఆ పొగ కాపరినెట్లు కొట్టునో కూడ తెలిసినది. పొగాకు కాలినపుడు పుట్టు బెంజోపైరీను అను పదార్థము శరీరములో మార్పుచెంది జన్యువునకు అంటుకొనును. 1996లో ప్రకటింపబడిన ఒక పరిశోధనలో, ఈ పదార్థమును మనుష్యకణములపై ప్రయోగించి చూడగా, ఊపిరితిత్తుల క్యాన్సరు రోగులలో పి-53 ఏయే చోట్ల చెడియుండునో, సరిగా ఆయా చోట్లనే అది అంటుకొనినట్లు కనబడెను. దొంగ అడుగుజాడలు గోడపై దొరకినట్లే గదా! పొగ త్రాగువారొకవైపు, క్యాన్సరు వచ్చినవారొకవైపు అని లెక్కలు చూపుట వేరు. కారణము చేయి పట్టుకొని చూపుట వేరు.

కాపరి పడిపోయినందున కంతి పెరిగినచో, మరల కాపరిని నిలబెట్టిన కంతి తగ్గునా? ఈ ప్రశ్న నుండియే జన్యు చికిత్స పుట్టినది. 1996లో అమెరికాలోని హ్యూస్టను నగరమున జాక్ రాత్ అను వైద్యుడును, ఆయన సహచరులును, ఇతర చికిత్సలకు లొంగని ఊపిరితిత్తుల క్యాన్సరు గల 9 మందికి, మంచి పి-53 జన్యువును ఒక వైరసులో ఎక్కించి నేరుగా కంతిలోనికి సూదితో ఇచ్చిరి. వైరసునకు కణములో చొరబడు నేర్పు కలదు గనుక దానిని బండిగా వాడుకొనిరన్న మాట. ముగ్గురికి కంతి తగ్గినది. మరి ముగ్గురికి పెరుగుట నిలిచినది. 2007లో ఎలుకలపై జరిగిన పరిశోధనలు ఇంకను ఆశ కలిగించినవి. పి-53ను ఆపివేసి కంతులు పుట్టించి, మరల దానిని పనిచేయించిరి. కొన్ని కంతుల కణములు చచ్చిపోయెను. కొన్నింటిలో కణములు ముసలివై పెరుగుట మాని, తరువాత శరీరపు రక్షణబలముచే తుడిచిపెట్టబడెను. కావలివాడు ఎంత కాలము పడియున్నను, లేచినచో తన పని మరువడు అని దీనివలన తెలిసినది.

చీనా ప్రభుత్వము 2003 అక్టోబరులో జెండిసిన్ అను మందునకు అనుమతి నిచ్చినది. జన్యు చికిత్స మందుగా ఒక ప్రభుత్వము అమ్మకమునకు అనుమతించినది లోకములో అదే మొదటిది. జలుబు కలిగించు జాతికి చెందిన అడినో వైరసును తాను వృద్ధిచెందకుండునట్లు మార్చి, దానిలో పి-53ను ఉంచి, తల మెడల క్యాన్సరు గలవారి కంతిలోనికి సూదిగా ఇచ్చిరి. కాని ఒంటరిగా కాదు. మన జనులు కరెంటు పెట్టించుట అను కిరణ చికిత్సతో కలిపి ఇచ్చిరి. ఈ ముక్కను చేతిఫోను వార్త విడిచివేసినది! 2018 నాటికి ముప్పదివేల మందికి పైగా ఆ మందును పొందిరి. కిరణ చికిత్స మాత్రమే జరిగినవారి కంటె రెండును కలిపి జరిగినవారికి కంతి ఎక్కువగా తగ్గినదని అచ్చటి వైద్యులు ప్రకటించిరి. అమెరికాలో ఇటువంటి మందునే మరియొక కంపెనీవారు సిద్ధము చేసిరి గాని, అచ్చటి ఔషధశాఖ 2008లో వారి దరఖాస్తును పరిశీలనకే స్వీకరింపలేదు. ఆ కంపెనీ అదే సంవత్సరము దివాలా తీసినది. ఒక ప్రభుత్వమునకు చాలిన ఆధారము మరియొక ప్రభుత్వమునకు చాలలేదన్న మాట.

ఎందులకు ఇంత కష్టము? ఆ మందు ఒక్క సీసాలో లక్షకోట్ల వైరసు రేణువులుండును. అయినను అవి సూది పడిన చోటనే ఎక్కువగా నిలుచును. ఒక సెంటీమీటరు కంతిలోనే ఇంచుమించు నూరుకోట్ల కణములుండునందురు. వానిలో కొన్నింటికైనను బండి చేరదు. మెడలోనికో ఊపిరితిత్తులలోనికో ప్రాకిన కణములకు అసలే చేరదు. మన శరీరము కూడ వైరసును శత్రువుగా ఎంచి చంపివేయును. ఇంకొక చిక్కు కలదు. పి-53 మాంసకృత్తు ఒంటరిగా పనిచేయదు. నాలుగు కలసి పల్లకి మోసినట్లు మోయవలెను. చెడిన బోయీ ఒకడు నడుమ ఉండిన మంచివారి నడకయు చెడును. కంతిలో చెడిన మాంసకృత్తు మిక్కుటముగా ఉండును గనుక క్రొత్తగా పంపిన మంచివారికి అది అడ్డుపడును.

అపాయము కూడ లేకపోలేదు. 1999 సెప్టెంబరులో అమెరికాలో జెస్సీ గెల్సింగరు అను పదునెనిమిదేండ్ల యువకుడు, క్యాన్సరు కాదు, కాలేయమునకు సంబంధించిన మరియొక జన్యులోపమునకై, అడినో వైరసు ద్వారా చికిత్స పొంది, నాలుగు దినములకే మరణించెను. తన వ్యాధి మందులతోను పథ్యముతోను అదుపులోనే ఉండగా, ముందుతరముల శిశువులకు మేలగునని ఆ ప్రయోగమునకు ఒప్పుకొన్నవాడు! మా విద్యార్థుల కంటె రెండు మూడేండ్లు పెద్దవాడు. అతని పేరు తలచుకొనక జన్యు చికిత్సను పొగడుట మాకిష్టము లేదు.

ఇక పొలము సంగతి. మేము ఆ తండ్రికి చెప్పినది ఇది: సూది కొరకు చీనా వరకు వెదకుటకు ముందు, ఇంటిలోని టార్చిలైటు తీసి, మీ అమ్మ నోరు తెరపించి చూచినవారెవరైనను ఉన్నారా? ఆయన తల వంచుకొనెను. పుండు కనబడి ఏడు నెలలైనదట. పసుపు, తేనె, నాటుమందు నడచినవి.

కేరళలో తిరువనంతపురము ప్రాంతమున వేలకొలది ఇండ్లలో ఒక పెద్ద ప్రయోగము జరిగినది. శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికి పోయి, దీపపు వెలుతురున జనుల నోళ్ళు పరీక్షించి, తెల్లమచ్చ గాని, మానని పుండు గాని కనబడినవారిని వైద్యులయొద్దకు పంపిరి. పొగాకో, మద్యమో అలవాటున్న వారిలో నోటి క్యాన్సరు మరణములు 34 శాతము తగ్గినట్లు 2005లో ప్రకటించిరి. ఒక దీపము, ఒక చూపు. దీనిని గురించి ఎవరి చేతిఫోనుకును వార్త రాదు. ఏలయన దీనిని అమ్ముటకు ఎవరికిని లాభము లేదు.

మరియొక సంగతి. వ్యాధి ముదిరి శస్త్రమునకు లొంగని నోటి, గొంతుక క్యాన్సరు రోగులకు, ముంబయిలోని టాటా స్మారక ఆసుపత్రివారు రెండు చవుక మాత్రలు ఇచ్చి చూచి, నరములోనికి ఎక్కించు ఖరీదైన మందు కంటె అవి మేలుగా పనిచేసినట్లు 2020లో ప్రకటించిరి. వ్యాధిని తుడిచివేయుటకు కాదు, మిగిలిన కాలమును కొంత పొడిగించుటకు మాత్రమే. ఆ రెంటిలో ఒకటి మెథోట్రెక్సేటు. అమెరికాలో ఎల్లాప్రగడ సుబ్బారావుగారి నాయకత్వమున పనిచేసిన పరిశోధకుల నుండి వచ్చిన మందు. ఆయన 1895లో భీమవరమున పుట్టి, మద్రాసులో వైద్యము చదివినవాడు. తెలుగువాడని చెప్పి భుజములు చరచుకొనుటకు ఈ మాట ఎత్తలేదు. ఆయన మరణించి ఏడు దశాబ్దములు దాటిన పిదప కూడ, పాతదైన చవుక మందు క్రొత్త ఉపయోగమునకు వచ్చుచున్నదని చెప్పుటకే ఎత్తితిమి.

అటులని మేము జన్యు చికిత్సను తృణీకరించుట లేదు. 2023లో ముంబయి ఐ.ఐ.టి.వారును, టాటా ఆసుపత్రివారును కలసి సిద్ధపరచిన నెక్స్‌కార్-19 అను చికిత్సకు మన ప్రభుత్వము అనుమతి నిచ్చినది. రోగి రక్తకణములను బయటికి తీసి, వాని జన్యువులను మార్చి, మరల ఎక్కించు చికిత్స అది. 2024 ఏప్రిలులో దానిని దేశమునకు అంకితము చేసినవారు మన ఒడిశాలో పుట్టిన రాష్ట్రపతి ద్రౌపది ముర్ముగారే. అది కొన్ని రకముల రక్తసంబంధమైన క్యాన్సరులకే గాని నోటిపుండునకు కాదు. నేడు ఆరవ తరగతి చదువు పిల్ల వైద్యురాలగునప్పటికి, పడిపోయిన కాపరిని లేపు మంచి ఉపాయము దొరకునేమో! ఏనుగునకు ఈ జన్యువు ఇరువది జతలు కలవని 2015లో తెలిసినది; మనకున్నది ఒక జతయే. అంత పెద్ద శరీరమున అన్ని కణములుండియు ఏనుగునకు క్యాన్సరు అరుదుగా వచ్చుటకు ఇది యొక కారణము కావచ్చునని తలంచుచున్నారు. మహేంద్రగిరి అడవులను చూచుచు పెరుగు మన పిల్లలకు ఈ సంగతి నచ్చకుండునా?

కొందరు తల్లిదండ్రులు మా మీద కినుక వహించిరి. "తెలుగు పంతులుకు ఛందస్సు, వ్యాకరణము ఉండగా ఈ క్యాన్సరు గొడవ ఏల?" యని ఒకరు, "ఇట్టి శాస్త్రము తెలుగులో రాదు, అందుకే మా అబ్బాయిని ఇంగ్లీషు బడిలో వేయుచున్నాము" అని మరియొకరు. మొదటివారికి మా మనవి: మాకు తెలిసినది మాటలే, మాటలు లేక ఒక ముసలిది ఎట్లు నష్టపోయినదో మేము చూచితిమి. ఆ తండ్రితో మేమును ఒక నగరమునకు పోతిమి. అచ్చటి ఆసుపత్రిలో యువ వైద్యుడు మంచివాడే. కాని ఆయనకు తెలుగు రాదు. ఆమెకు తెలుగు తప్ప మరియొకటి రాదు. కుమారునకు బజారు ఒడియా వచ్చును గాని అంగిలి, దవడ, మ్రింగుట, మొద్దుబారుట అను మాటలకు ఒడియాలో ఏమందురో తెలియదు. ఆమె "మంట లేదు, మొద్దుగా ఉంది" అనినది. కుమారుడు "నొప్పి లేదు" అని మాత్రము చెప్పెను. శస్త్రచికిత్స పత్రముపై వ్రేలిముద్ర వేయించుచుండగా, అంగిటి ఎముక కొంత తీసివేయుదురని ఆమెకు తెలియదు. మా తొమ్మిదవ తరగతి పిల్ల నడుమ నిలిచి, ఆ ఒడియా మాటను తెలుగులో చెప్పెను. ఆ ముసలిది చాలసేపు ఊరకుండి, "తీసేయనీ, కానీ మా ఊరి భాషలో చెప్పేవోళ్ళుంటే ముందే వచ్చేదాన్నమ్మా" అనినది. శస్త్రము జరిగినది. ఆమె బ్రతికి యున్నది. గంజి త్రాగుచున్నది. చుట్ట మానినది. పొలము కూడ నిలిచినది.

రెండవవారికి మేము చెప్పునది కొంచెము కటువుగా ఉండును. మేము పొరుగు రాష్ట్రమున శిక్షణ పొందిన దినములలో జన్యువు, జీవకణము, మాంసకృత్తు అను మాటలున్న తెలుగు పుస్తకములనే చదివితిమి. ఆ పుస్తకములలో అర్థము కాని శాస్త్రము లేదు. మీ కుమారుడు ఇంగ్లీషులో పి-53ను నేర్చుకొనుట మాకును ఇష్టమే. ఒడియా నేర్చుట అంతకంటె అవసరము. ఈ నేలపై బ్రతుకుచున్నాము గదా! కాని వాడు నేర్చినదానిని ఇంటిలోని నాయనమ్మకు ఏ భాషలో చెప్పును? ఆమె కొరకు ఇంగ్లీషు బడి లేదు.

ఈ సంవత్సరము మా పాఠశాలలో రెండు టార్చిలైట్లు కొంటిమి. ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలు తమ తమ ఇండ్లలో చుట్ట, బీడీ, గుట్కా, గుడాఖు అలవాటున్న పెద్దలను అడిగి, వారు ఒప్పుకొన్నచో నోరు చూచి, రెండు వారములకు మానని పుండు గాని, తెలుపో ఎరుపో మచ్చ గాని, నోరు పూర్తిగా తెరుచుకొనకుండుట గాని కనబడిన మాకు తెలుపవలయును. వ్యాధి ఏమిటో తేల్చుట పిల్లల పని కాదు, మా పనియు కాదు. ప్రభుత్వ ఆసుపత్రికి వెంట వచ్చుట మా పని. పెద్దలు కసరుకొనిన పిల్లలు మారుమాటాడక ఊరకొని, మరునాడు మరల అడుగవలయును.

దీనితోపాటు తెలుగు, ఒడియా మాటల చిన్న పట్టిక యొకటి సిద్ధము చేయుచున్నాము. అంగిలి, చిగురు, దవడ లోపలి పొర, మ్రింగుడు, మొద్దుబారుట మొదలైన నలుబది మాటలు ఇంతవరకు చేరినవి. దవడ లోపల గోకినను పోని తెల్లమచ్చకు ఒక్కొక్క ఊరిలో ఒక్కొక్క పేరున్నట్లు వినుచున్నాము. మీ ఊరిలో దానినేమందురో ఒక కాగితముపై వ్రాసి, ఊరి పేరుతో సహా, పిల్లల చేతికిచ్చి పంపవలెనని తల్లిదండ్రులను కోరుచున్నాము.